నాలుగ్గంటల నీడ

"గడియారం అబద్ధమాడుతుంది గానీ నీడ అబద్ధమాడదు" అనే మాటను సన్యాసిరాజు రోజుకు పదిసార్లయినా అనేవాడు. స్టూడియోకి వచ్చినవాళ్లతో అనేవాడు, దారిన పోయేవాళ్లను ఆపి అనేవాడు, ఎవరూ దొరక్కపోతే కెమెరాతో అనేవాడు. మనిషన్నాక ఏదో ఒక మాట పట్టుకుని వేళ్లాడతాడు, అందులో తప్పులేదు. కానీ ఆ మాటే ఒకనాడు తిరిగొచ్చి నలుగురిలో తన మెడకు చుట్టుకుంటుందని తెలిసుంటే, పాపం, రోజుకు రెండుసార్లతో సరిపెట్టుకునేవాడేమో.

విశాఖపట్నం పాతూళ్లో, పూర్ణా మార్కెట్టుకు నాలుగడుగుల దూరంలో, కింద బెల్లం కొట్టు, పైన ఆయన ఫోటో స్టూడియో. స్టూడియో గోడకు దేవుళ్ల పటాలు ఉండవు. ఒక పంచాంగం, పక్కనే పోర్టులో సంపాదించిన ఆటుపోట్ల పట్టీ, అంతే. సూర్యచంద్రులు ఎప్పుడు ఎక్కుతారో, ఎప్పుడు దిగుతారో ఆ రెండిట్లోనూ వెతికేవాడు. తేడా వస్తే తనే సముద్రం ఒడ్డున నిలబడి చూసుకుని, నల్ల అట్ట పుస్తకంలో రాసుకునేవాడు. కార్తీక పున్నమి చంద్రుడు నీళ్లలోంచి లేచేసరికి ఆకాశంలో ఇంకా ఎంత వెలుగు మిగిలుంటుంది, రాస్‌హిల్ మీది చర్చి గోడకు ఏ నెలలో ఎన్నింటికి పసుపురంగు ఎండ తగులుతుంది, డాల్ఫిన్స్ నోస్ కొండ నీడ హార్బరు నీళ్లమీద ఎంతదూరం పాకుతుంది, అన్నీ అందులో ఉన్నాయి. ఇరవై రెండేళ్ల రాత అది.

పెళ్లివారొచ్చి ఫోటోలు తియ్యమంటే, "తాళి మీ పంతులుగారి ముహూర్తానికి కట్టించుకోండి, బొమ్మ నా ముహూర్తానికి తీయించుకోండి" అని మొహం మీదే చెప్పేవాడు. సగం బేరాలు అక్కడే పోయేవి. పోతే పోనీ అనేవాడు ఆయన. ఆయన భార్య గౌరీశ్వరి మాత్రం అలా అనేది కాదు.

"ఆ సూర్యుడొచ్చి మనింట్లో బియ్యం పోత్తాడేటి?" అనేది.

ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉంది. నెగిటివు మీద పెన్సిలు పెట్టి మశూచి మచ్చలు మాయం చేసేవాడు, ముడతలు తీసేవాడు. ఆ పనిలో ఆయన చెయ్యి మంచిదని ఊరంతా ఒప్పుకుంది. కానీ ఉన్నది తీస్తాడే తప్ప లేనిది పెట్టడు. ఒకాయన తన వెనక అంబాసిడర్ కారు ఉన్నట్టు బొమ్మ దిద్దమని బతిమాలితే మెట్లు దింపి పంపేశాడు. లేనిది పెడితే అది ఫోటో కాదు, దొంగసాక్ష్యం అని ఆయన సిద్ధాంతం.

ఇలాంటి మనిషికి భీమశంకరరావులాంటి స్నేహితుడు ఎలా కుదిరాడో ఆ పైవాడికే తెలియాలి. భీమశంకరరావు హార్బరులో క్రేను నడిపేవాడు. ఇద్దరిదీ ఒక ఊరు కాదు, ఒక కులం కాదు. ఒకే ఏడు పల్లెలు వదిలి పట్నం వచ్చి, రెల్లివీధి దగ్గర ఒకే గదిలో అద్దెకున్నారు. సన్యాసిరాజుకు టైఫాయిడ్ వస్తే భీమశంకరరావు ఇరవై రోజులు గంజి కాచి పోశాడు. అప్పట్నుంచి బావా అంటే బావా. టన్నుల కొద్దీ ఇనుమును గాల్లో లేపి, కోడిగుడ్డు పెట్టినంత సుతారంగా ఓడలో దించే మనిషి, ఇంట్లో బల్లి అరిస్తే మాత్రం గుమ్మం దాటేవాడు కాదు.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం మే నెలాఖరుకు భీమశంకరరావు రిటైరవుతున్నాడు. అంతకుముందే, తను ముప్పయ్యేళ్లు పనిచేసిన రేవులో, ఆఫీసు గోడమీది పెద్ద గడియారం కింద నిలబడి ఒక ఫోటో తీయించుకోవాలని ఆశ. ఆఫీసరును అడిగి అనుమతి కూడా తెచ్చుకున్నాడు. సన్యాసిరాజు రెండురోజులు ముందుగా వెళ్లి ఆ చోటు చూశాడు. కాంక్రీటు నేల, పక్కన జెండాకర్ర, పైన గడియారం. నల్లపుస్తకం తీసి లెక్కేసుకున్నాడు.

"మే పదకొండు, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. ఎండ పక్కనించి పడతాది. నీ మొహం బంగారంలా ఉంటాది. నీ నీడ నీకు ఒకటిన్నర రెట్లకి కాస్త ఎక్కువుంటాది. రాజులాగ వత్తావు బావా" అన్నాడు.

"నువ్వు సెప్పినాక మరేటున్నాది" అన్నాడు భీమశంకరరావు. అని, ఆ సాయంత్రమే వెళ్లి రమణమూర్తి సిద్ధాంతిని అడిగాడు.

సిద్ధాంతిగారిది కూడా అదే పంచాంగం. చిత్రమేమిటంటే ఇద్దరూ అవే అంకెలు చూస్తారు, ఒకరికి వెలుగు కనిపిస్తుంది, ఇంకొకరికి దోషం కనిపిస్తుంది. "ఆ రోజు మూడు దాటిన దగ్గర్నుంచి నాలుగున్నర దాకా వర్జ్యం. ఆ వేళ చేసింది ఏదీ నిలవదు. అభిజిత్ లగ్నం దివ్యంగా ఉంది, పదకొండూ యాభైమూడు. గడియారం కిందే కదా నిలబడేది, ఆ టైము బొమ్మలో కనపడాలి" అన్నారు ఆయన.

ఈ మాట వినగానే సన్యాసిరాజు కస్సుమన్నాడు. "మిట్టమధ్యాన్నం బొమ్మేటి బావా? కళ్లు గుంటల్లాగ పోతాయి. ముక్కు కింద నీడ మీసంలాగ వేలాడతాది. నీకు మీసం నేదు కదా!"

"పెళ్లి ఆయన పెట్టిన ముహూర్తానికే సేసుకున్నాను. సల్లగా ఉన్నాను. ఇప్పుడు మార్సనేను బావా" అన్నాడు భీమశంకరరావు. ఆయన భార్య అప్పాయమ్మ పక్కనే నిలబడి, ఆ చల్లదనం ఎవరి చలవో తనకు తెలుసన్నట్టు ఒక నవ్వు నవ్వింది.

సరే, ఏం చేస్తాడు? గంజి కాచి పోసిన చేతులు. నల్లపుస్తకంలో ఆ తేదీ ఎదురుగా పాత రాత ఒకటి ఉంది, "సూర్యుడు సరిగ్గా నడినెత్తిన. నీడ సున్న. ఏడాదిలో రెండుసార్లే, మళ్లీ ఆగస్టు రెండు." చదివాడు. చదివి, పేజీ తిప్పేశాడు. ఆయన బుర్రంతా కళ్లగుంటల మీదే ఉంది మరి.

ఫోటో తీసే రోజుకి సింహాచలంలో చందనోత్సవం అయి రెండు రోజులు కూడా కాలేదు. ఎండ నిప్పులు కురుస్తోంది. సన్యాసిరాజు చాకలి దగ్గర అరడజను తెల్ల దుప్పట్లు తెచ్చి, కెమెరాకు కనపడకుండా భీమశంకరరావు ముందు నేలమీద పరిపించాడు. పైనుంచి పడిన ఎండ ఆ దుప్పట్ల మీద కొట్టుకుని మొహంలోకి వెలుగు విసిరింది. కళ్లగుంటలు నిండిపోయాయి. మీసం మాయమైంది. పోర్టువాళ్లు ఓ పదిహేనుమంది చుట్టూ నిలబడి, చెమటలు తుడుచుకుంటూ భలే భలే అన్నారు. అప్పాయమ్మ చెప్పులు మరిచిపోయి వచ్చింది. అరికాళ్లు కాలిపోతుంటే ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదకు మారుతూ, "కానీ అన్నియ్యా, కాళ్లు ఉడికిపోతన్నాయి" అని మొత్తుకుంది. గడియారం ముల్లు యాభైమూడు మీదకు రాగానే సన్యాసిరాజు మీట నొక్కాడు.

బొమ్మ అద్భుతంగా వచ్చింది, అది చెప్పుకోవాలి. చొక్కా గుండీలు లెక్కపెట్టుకోవచ్చు. గడియారం ముళ్లు చదువుకోవచ్చు. పెద్ద సైజులో ప్రింటు వేసి, ఫ్రేము కట్టించి, సన్యాసిరాజు స్వయంగా మోసుకెళ్లి ఇచ్చాడు. భీమశంకరరావు వాకిట్లో కుర్చీలో పెట్టి చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచాడు. అందరూ మెచ్చుకున్నారు. పక్కింటి చిలకమ్మ అనే ముసలామె మాత్రం కళ్లు చికిలించి చాలాసేపు చూసింది.

"అంతా బాగున్నాది గానీ నాయినా, నీ నీడ ఏదిరా?" అంది.

అందరూ ముందుకు వంగారు. నిజమే. మిలమిల మెరిసే కాంక్రీటు మీద మనిషి నిలువునా ఉన్నాడు, కాళ్లకింద ఏమీ లేదు. ఉన్న చారెడు నీడను కూడా దుప్పట్ల వెలుగు తినేసింది. నేలమీద నిలబడ్డట్టు లేడు, గాల్లో వేలాడదీసినట్టున్నాడు.

"నీడ నేనోడు ఆర్నెల్లు బతకడంటారు" అంది చిలకమ్మ. అని, తన దారిన తను వెళ్లి పొయ్యిమీద పప్పు చూసుకుంది.

భీమశంకరరావు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాడు సిద్ధాంతిగారి దగ్గరికి వెళ్లి అడిగాడు. సిద్ధాంతిగారు చెడ్డవారు కారు, కానీ శాస్త్రంలో లేదని చెప్పడం ఆయనకు చేతకాదు. "అరిష్ట లక్షణాల్లో ఛాయ కనపడకపోవడం ఒకటి అని చెప్పారు మరి. నేను పెట్టిన ముహూర్తంలో మాత్రం లోపం లేదు" అన్నారు. ఆ రెండో మాట భీమశంకరరావు వినలేదు. ఇంటికొచ్చి మంచం ఎక్కాడు.

సన్యాసిరాజు మొదట నవ్వాడు. పదిరోజులకు నవ్వు ఆగింది. ఎందుకంటే వెళ్లేసరికి మనిషి సగమైపోయి ఉన్నాడు. ట్రాన్సిస్టరు చెల్లెలి కొడుక్కి ఇచ్చేశాడు, గొడుగు ఎదురింటివాడికి ఇచ్చేశాడు. నవంబరు పదకొండుకి ఆర్నెల్లు నిండుతాయని వేళ్లమీద లెక్కపెట్టుకుంటున్నాడు. డాక్టరు గుండె చూసి, నాడి చూసి, రోగమేమీ లేదు గానీ ఇలాగే తిండి మానేస్తే మాత్రం నిజంగానే పోతాడు అని చెప్పి వెళ్లాడు.

సన్యాసిరాజు ఆయన్ను రెక్కపట్టుకుని సాయంత్రం ఎండలోకి లాగాడు. నేలమీద పొడుగాటి నీడలు రెండు పడ్డాయి. "సూడు! అదుగో నీ నీడ! కళ్లు నేవేటి నీకు?"

భీమశంకరరావు చూశాడు. నీరసంగా తల ఊపాడు. "కళ్లు ఇయ్యాలది సూత్తాయి బావా. కెమెరా రేపటిది సూత్తాది. నువ్వే సెప్పినావు కదా, కళ్లకు అందనిది కూడా నీ కెమెరాకి అందుతాదని."

"ఓర్నీ! నాను సెప్పింది దూరంగా ఉన్న ఓడల గురించి!"

"దూరమంటే దూరమే కదా బావా."

జెండాకర్రకూ నీడ లేదు కదా, అదీ చచ్చిపోతుందా అని సన్యాసిరాజు అడిగాడు. కర్రకు ప్రాణమేటి అన్నాడు భీమశంకరరావు. సూర్యుడు నడినెత్తికి రావడం గురించి, భూమి వంగి తిరగడం గురించి, తాటికాయకు పుల్లగుచ్చి చూపించి మరీ చెప్పాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. "తాటికాయ బాగానే ఉన్నాది బావా, పోయేది నానే" అన్నాడు భీమశంకరరావు.

అప్పాయమ్మ వీధి చివరిదాకా వెంట వచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "అన్నియ్యా, నువ్వు తీసినావు కదా, నువ్వే తిరిగి ఇచ్చీ. నీకు దణ్ణం పెడతాను. మనిషి నా కళ్లముందే ఎండిపోతన్నాడు" అంది.  ఈ చేత్తోనే కదా మీట నొక్కింది అనుకున్నాడు సన్యాసిరాజు. పదకొండూ యాభైమూడుకి సూర్యుడు నెత్తిన ఉంటాడని తనకు తెలుసు. తెలిసి పేజీ తిప్పేశాడు.

అయినా ఆయన పట్టు ఆయనదే. నిజంతోనే నయం చెయ్యాలనుకున్నాడు. ఆగస్టు రెండున సూర్యుడు మళ్లీ నడినెత్తికి వస్తాడు, పన్నెండూ మూడు నిమిషాలకు. ఆ వేళకు వాకిట్లో నిలబెట్టి, రోకలికీ నీడ లేదు, తులసికోటకూ నీడ లేదు, మేకకూ నీడ లేదు, నాకూ లేదు, అందరం చస్తామా అని చూపిస్తే సరి. అప్పటిదాకా రోజూ వెళ్లి రెండు ముద్దలు తినిపించాడు. "ఆగస్టు రెండు దాకా ఆగు బావా, తరవాత నీ ఇష్టం" అని ఒట్టు వేయించుకున్నాడు. రైలు టిక్కెట్టు కొనుక్కున్నవాడిలా భీమశంకరరావు సరేనన్నాడు.

ఆగస్టు రెండు వచ్చింది. రెండుతోబాటు మబ్బులూ వచ్చాయి. సముద్రం మీంచి నల్లగా, బండల్లా కమ్ముకొచ్చి డాల్ఫిన్స్ నోస్ మీద కూర్చున్నాయి. ఇరవై రెండేళ్లు సూర్యచంద్రుల లెక్కలు రాసుకున్న మనిషి, శ్రావణం ముంగిట విశాఖపట్నంలో వాన పడుతుందన్న సంగతి ఒక్కటీ రాసుకోలేదు. పన్నెండు గంటలకు వాకిట్లో రోకలి నిలబెట్టారు, మేకను కట్టారు, భీమశంకరరావును భుజం పట్టుకుని నిలబెట్టారు. పన్నెండూ మూడయింది. దేనికీ నీడ లేదు. పదకొండుకూ లేదు, ఒంటిగంటకూ ఉండబోదు. సన్నగా తుంపర మొదలైంది.

భీమశంకరరావు మేకను చూశాడు, రోకలిని చూశాడు, వీధి అటు చివరినించి ఇటు చివరిదాకా చూశాడు. మొహం పాలిపోయింది.

"బావా, నాతో ఆగనేదు. ఊరు మొత్తానికి అంటుకున్నాది" అన్నాడు. అని, లోపలికి పోయి తలుపేసుకున్నాడు. మర్నాటినుంచి మంచినీళ్లు కూడా బలవంతంగా పట్టించాల్సి వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. సన్యాసిరాజు ఆ వారమంతా స్టూడియో తెరవలేదు. ఇంట్లో నెగిటివు ముందేసుకుని కూర్చున్నాడు. గౌరీశ్వరి బియ్యం ఏరుకుంటూ ఓరకంట చూస్తూనే ఉంది.

"మశూచి మచ్చలు తియ్యగల్రు. ఒక నీడ పెట్టనేరేటి?" అంది చివరికి.

"లేనిది పెట్టను."

"అలగయితే నవంబరులో ఆయన పాడె ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టుగా ఒక ఫోటో తియ్యండి. బాగుంటాది" అంది ఆవిడ. మళ్లీ బియ్యంలో రాళ్లు ఏరుకుంది.

ఆ మాట సన్యాసిరాజుకు తగలాల్సిన చోటే తగిలింది.  తరవాత లేచి కొత్త ప్రింటు వేశాడు, సన్న కుంచె తీశాడు, నల్లరంగు కలిపాడు. జన్మలో మొదటిసారి లేనిది పెట్టబోతున్నాడు. పెడితే పెట్టాడు గానీ, దొంగతనంలో కూడా ఆయనకు లెక్క తప్పడం చేతకాదు. నల్లపుస్తకం తెరిచి, మే పదకొండు సాయంత్రం నాలుగ్గంటలకు తను వేసుకున్న లెక్క చూసి, మనిషికి ఒకటిన్నర రెట్లకి కాస్త పైచిలుకు, అంగుళంలో వీసం కూడా తేడా రాకుండా, తూర్పు వైపుకు భీమశంకరరావు నీడ వేశాడు. జెండాకర్రకూ వేశాడు. కర్ర పొడుగు కాబట్టి దాని నీడ బొమ్మ అంచు దాటి బయటికి పోయింది. చొక్కా అంచులు కదిలినట్టుండే సన్నని మసక కూడా వదల్లేదు. ఆ దిద్దిన ప్రింటును మళ్లీ ఫోటో తీసి, కొత్త కాగితం మీద అచ్చు వేశాడు. రంగు ఎక్కడుందో, వెలుగు ఎక్కడుందో ఇక తనక్కూడా తెలియదు. చూసుకుంటే, తను మొదట తీద్దామనుకున్న బొమ్మే అది. ఆ ఆనందం కలిగినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

"అప్పుడు ప్రింటు సరిగా కడగనేదు బావా. మందు నిలవది. నీడ కాగితంలోనే ఉండిపోయినాది. కొత్త మందులో కడిగితే బయటికి వచ్చింది" అని అబద్ధం చెప్పాడు. 

భీమశంకరరావు లేచి కూర్చున్నాడు. బొమ్మను కిటికీ దగ్గరికి తీసుకెళ్లాడు. నీడమీద వేలు పెట్టి, మడమ దగ్గర్నుంచి తలదాకా మెల్లగా రాశాడు. ఇంకోసారి రాశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నాదే. సెవులు నాయే" అన్నాడు. బొమ్మను గోడకు ఆనించి, "అప్పాయీ, సేపల పులుసు ఉన్నాదేటి?" అని అడిగాడు.

అప్పాయమ్మ వంటింట్లోకి పరుగెత్తింది. సన్యాసిరాజు వాకిట్లోకి వచ్చి, పంచెతో మొహం తుడుచుకున్నాడు. మనిషి బతికితే చాలు, నా పట్టుదల గంగలో కలవనీ అనుకున్నాడు. కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది!

నవంబరు పదకొండు వచ్చింది, పోయింది. భీమశంకరరావు పోలేదు. బుగ్గలు పొంగాయి. ట్రాన్సిస్టరు తిరిగి తెచ్చుకున్నాడు, గొడుగు కూడా అడిగి పుచ్చుకున్నాడు. గండం గడిచిందని మర్నాడే, కార్తీకమాసం కూడా కలిసొచ్చిందని, సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాడు. పోర్టువాళ్లు వచ్చారు, చిలకమ్మ వచ్చింది, గౌరీశ్వరీ సన్యాసిరాజూ వచ్చారు. వ్రతం చేయించింది రమణమూర్తి సిద్ధాంతే. పూజ అయి, కథ అయి, ప్రసాదం పంచుతుండగా, ఆయన చూపు గోడమీది బొమ్మమీద పడింది.

లేచి దగ్గరికి వెళ్లారు. కళ్లజోడు తుడుచుకున్నారు. పూజాపీటమీది దర్భపుల్ల ఒకటి తీసి మొదట మనిషిని కొలిచారు, తరవాత నీడను కొలిచారు. అడుగులతో నీడ కొలిచి పొద్దు చెప్పే పాతకాలపు విద్య ఆయనకు క్షుణ్ణంగా వచ్చు. 

"రాజుగారూ, ఈ బొమ్మ ఎన్నింటికి తీశారు?"

"తమరు పెట్టిన ముహూర్తానికే."

"అభిజిత్తులో మనిషి నీడ పాదం దాటదు. ఇది వైశాఖంలో సాయంత్రం నాలుగ్గంటల నీడ. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు" అన్నారు సిద్ధాంతిగారు. ఆయన గొంతు పెరిగింది. "అంటే నడి వర్జ్యంలో తీశారన్నమాట! అందుకే ఈ మనిషి మూణ్ణెల్లు మంచాన పడ్డాడు! నా ముహూర్తాన్ని కాలదన్ని, మీరు మొదట అనుకున్న వేళకే తీశారు!"

"గడియారం సూడండి, పదకొండూ యాభైమూడు ఉన్నాది" అని ఎవరో పోర్టాయన సన్నగా అన్నాడు.

"గడియారం ముళ్లు కుంచెతో తిప్పడం ఈయనకెంతసేపు? మశూచి మచ్చలు మాయం చేసే చెయ్యి అది!" అని, సిద్ధాంతిగారు సన్యాసిరాజు వైపు తిరిగారు. "గడియారం అబద్ధమాడుతుంది గానీ నీడ అబద్ధమాడదు. ఈ మాట ఎవరిదండీ? ఊరంతా వినేలా రోజూ చెప్పేది ఎవరు?"

 ఆ బొమ్మ మొత్తంమీద కుంచె తగలనిది ఆ గడియారం ఒక్కటే. సన్యాసిరాజు నోరు తెరిచాడు. ఇరవై రెండేళ్లలో ఎవడైనా తనను ఏమైనా అన్నాడు గానీ, వేళ తప్పాడని అన్నవాడు లేడు. నల్లపుస్తకం తెచ్చి ముందు పడేస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది. నీడ నేనే వేశాను అంటే చాలు.

అప్పుడు భీమశంకరరావును చూశాడు. ఆయన ప్రసాదం నోటిదాకా తీసుకెళ్లి ఆపాడు. చెయ్యి గాల్లోనే ఉంది. పొంగిన బుగ్గలు, బొమ్మమీదున్న కళ్లు. ఆ కళ్లు బొమ్మమీంచి మెల్లగా సన్యాసిరాజు మీదకు వచ్చాయి. 

"తప్పయిపోయినాది. నాలుగ్గంటలకే తీసినాను. గడియారం తరవాత దిద్దినాను" అన్నాడు సన్యాసిరాజు.

భీమశంకరరావు చెయ్యి కదిలింది. ప్రసాదం నోట్లోకి వెళ్లింది. నమిలాడు. గౌరీశ్వరి తల దించుకుని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

ఇక చూడాలి జనం సంగతి! "నాను అప్పుడే అనుకున్నాను, ఆయాల ఎండ సల్లగా ఉన్నాదని" అన్నాడు ఒక పోర్టాయన. "అవునవును, గాలి కూడా వీసినాది. మనం టీ తాగి కదా ఎల్లినాం" అన్నాడు ఇంకొకడు. మే నెల మిట్టమధ్యాహ్నం చెమటలు కక్కుతూ నిలబడ్డవాళ్లు వాళ్లే. ఆ గడియారం కిందే నిలబడ్డ భీమశంకరరావు కూడా అవునవునన్నాడు. చిలకమ్మ అయితే, ఇంత చదువుకున్నోడు ఇలగ సేత్తాడా అని బుగ్గలు నొక్కుకుంది. సిద్ధాంతిగారు పెద్దమనసు చేసుకుని, దోషపరిహారానికి శనివారం నవగ్రహాలకు తొమ్మిది ప్రదక్షిణలు చెయ్యమని సన్యాసిరాజుకు చెప్పారు. ఆయన తల ఊపాడు.

 ఆ రోజు చెప్పుల్లేకుండా కాంక్రీటు మీద నిలబడింది అప్పాయమ్మ. పొక్కిన అరికాళ్లకు వారం రోజులు వెన్న రాసుకుంది ఆవిడే. ప్రసాదం గిన్నె పట్టుకుని వరసలో ఒక్కొక్కరినీ దాటుకుంటూ సన్యాసిరాజు ముందుకొచ్చి ఆగింది. ఆయన కళ్లలోకి చూసింది. చూసి, అడక్కుండానే ఇంకో రెండు గరిటెలు వేసింది.

చేతులు కడుక్కుని బయల్దేరబోతుంటే భీమశంకరరావు వచ్చి భుజంమీద చెయ్యి వేశాడు. క్షమించేవాడి చెయ్యి ఎంత బరువుంటుందో సన్యాసిరాజుకు ఆ రోజు తెలిసింది.

"నువ్వు నా బావవి కాబట్టి ఊరుకుంటన్నాను. వేరేవోడయితే నానే క్రేనుకి వేలాడదీసేద్దును. ఇంకెప్పుడూ టైము తప్పకు బావా" అన్నాడు.

"తప్పనులే బావా" అన్నాడు సన్యాసిరాజు.